గొడుగు కిందికి వంగిన కెమెరా

మన దగ్గర పుట్టగొడుగు కూరకు పనికొస్తేనే లెక్క. కుళ్లిన దుంగ మీద ఎర్రగానో నీలంగానో మొలిచినదాన్ని ఆగి చూసేవాళ్లు తక్కువ. ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ స్టీఫెన్ యాక్స్‌ఫర్డ్ మాత్రం ఏళ్ల తరబడి వాటి ముందే బోర్లా పడుకుంటున్నాడు. న్యూ సౌత్ వేల్స్ ఈశాన్య కొసన, నార్తర్న్ రివర్స్ వాన అడవులు ఆయన సొంత ఇలాకా. అక్కడి నుంచి చైనాలోని యునాన్‌కు, మన మేఘాలయకు కూడా వెళ్లాడు.

ఆయన తీసిన మరాస్మియస్ హెమటోసెఫాలస్ ఫొటో చూడండి. వంగపండు రంగు గొడుగు, దాని మీద దర్జీ మడత పెట్టినట్టు గాడులు, కింద తీగలాంటి నల్లని కాడ. అసలు గొడుగు వెడల్పు సెంటీమీటరుకు అటూ ఇటూ. నిలబడి పైనుంచి తీస్తే ఆకుల మధ్య ఒక చుక్క కనపడుతుంది, అంతే. ఆయన కెమెరాను నేలకు ఆనించి, గొడుగు అంచుకన్నా ఓ పిసరు కిందినుంచి చూస్తాడు. అప్పుడే అడుగునున్న సన్నని రేకులు బయటపడతాయి. సిద్ధబీజాలు రాలేది అక్కడినుంచే. వెలుతురు పలచని గొడుగులోంచి వడకట్టినట్టు దిగడమూ అప్పుడే కనిపిస్తుంది. పుట్టగొడుగు చెట్టంత ఎత్తుగా తోస్తుంది.

చెప్పినంత తేలిక కాదిది. ఇంత దగ్గరినుంచి మాక్రో లెన్స్‌తో తీస్తే స్పష్టంగా పడేది మిల్లీమీటరు మేర మాత్రమే. ముందంచు పదునుగా ఉంటే కాడ మసకబారుతుంది. అందుకే ఈ విద్యలో ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వరసగా ఫొటోలు తీసి, వాటిలోని పదునైన భాగాలన్నిటినీ కలిపి ఒకే బొమ్మ చేస్తారు. ఈలోగా గాలి వీచినా, పురుగు కాడ ఎక్కినా మళ్లీ మొదటికే. చెట్ల కింద వెలుతురు చాలదు. నేరుగా ఫ్లాష్ కొడితే తడి గొడుగు మీద తెల్లమచ్చ పడుతుంది. యాక్స్‌ఫర్డ్ బొమ్మల్లో ఆ మెరుపు మచ్చ దాదాపు కనపడదు. తడి మాత్రం తడిగానే ఉంటుంది. కొన్నిటిలో వెనక భాగం మరీ నల్లబడి అడవి మాయమవుతుంది. అది నాకు అంతగా నచ్చదు. దుంగ, నాచు, ఎండుటాకు కూడా కనబడే బొమ్మలే గొప్పవి.

ఆయన టైమ్‌లాప్స్ దృశ్యాలు 2016లో బీబీసీ ‘ప్లానెట్ ఎర్త్ 2’లో వచ్చాయి. పది నిమిషాలకొక ఫొటో చొప్పున రోజంతా తీస్తే 144 వస్తాయి. సెకనుకు 25 చొప్పున నడిపితే తెర మీద ఆరు సెకన్లు కూడా నిండవు. ఆ కాసేపటి కోసం వెలుతురు ఒక్క తీరుగా ఉండాలి, తేమ ఆరకూడదు, నత్త వచ్చి కొరక్కూడదు.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది మేఘాలయ బొమ్మ. ఎండిన వెదురు మీద మొలిచి, చీకట్లో ఆకుపచ్చగా వెలిగే రోరిడోమైసిస్ ఫిల్లోస్టాకిడిస్ అది. విచిత్రం ఏమిటంటే, వెలిగేది కాడ మాత్రమే, గొడుగు వెలగదు. అక్కడివాళ్లు ఆ వెదురు ముక్కల్ని రాత్రిపూట దారి చూసుకోవడానికి వాడేవారు. శాస్త్రానికి మాత్రం అది కొత్త జాతి. 2020లో వెలువడిన ఆ పరిశోధన పత్రం రచయితల్లో యాక్స్‌ఫర్డ్ పేరు, ఆయన సహచరి, చిత్రదర్శకురాలు క్యాథరిన్ మార్సినియాక్ పేరు ఉన్నాయి. అందం కోసం మొదలైన ఫొటో సాక్ష్యంగా కూడా నిలబడిందంటే, దానిలోని పనితనానికి ఇంతకన్నా యోగ్యతాపత్రం అక్కర్లేదు.

ఈ వానాకాలం నల్లమలకో అరకుకో వెళ్తే ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుని లెన్స్‌ను నేల దాకా దించండి. గొడుగు పైభాగం ఒక్కటే తీసి ఊరుకోవద్దు. అడుగు రేకులు, కాడ మొదలు, అది మొలిచిన కర్ర కూడా తీయండి. అవి లేని ఫొటోతో తెలిసినవాళ్లు కూడా చాలాసార్లు జాతి చెప్పలేరు.