యోబు మిత్రుల వాక్యములు: బైబిలునందు ప్రాధాన్య తారతమ్యము

క్రైస్తవ వేదమునందలి భాగములన్నియు సమాన ప్రాధాన్యము కలవియేనా యను ప్రశ్న క్రొత్తది కాదు. క్రీస్తు శకము రెండవ శతాబ్దిలో మార్సియను పాత నిబంధనమును పూర్తిగ త్రోసిపుచ్చెను. 1522లో లూథరు తన జర్మను క్రొత్త నిబంధనమున యాకోబు పత్రిక మొదలగు నాలుగు గ్రంథములను చివర చేర్చెను. దీనికెదురుగ, లేఖనమంతయు దైవప్రేరితమను తిమోతి రెండవ పత్రికలోని మాటను ఆధారముగ గొని, ఏ భాగమును తక్కువ కాదనువారు కలరు. గ్రంథమున చేరియుండుట వేరు, గ్రంథతాత్పర్యమును వహించుట వేరు. ఈ భేదమును పాటింపనిచో రెండు పక్షములును తప్పుదారి పట్టునని మా యభిప్రాయము. దీనిని నిరూపించుటకు యోబు గ్రంథమొక్కటి చాలును.

యోబు నీతిమంతుడని మొదటి అధ్యాయముననే చెప్పబడినది. సంపదను, బిడ్డలను, ఆరోగ్యమును కోల్పోయిన యతనిని ఓదార్ప వచ్చిన ఎలీఫజు, బిల్దదు, జోఫరులు బాధకు పాపమే కారణమని వాదింతురు. ఆ వాదము అధ్యాయముల తరబడి సాగును. తుదకు 42వ అధ్యాయమున, తన్ను గూర్చి వారు యుక్తముగ పలుకలేదని దేవుడే వారిపై కోపించును. మన మీమాంసకులు చెప్పిన తాత్పర్యలింగములు ఇట తోడ్పడును. ఉపక్రమమున యోబు నిర్దోషిత్వము, ఉపసంహారమున మిత్రుల తిరస్కారము కానవచ్చుచున్నవి. కావున నడుమనున్న మిత్రుల వాదము పూర్వపక్షమే కాని సిద్ధాంతము కాదు. మహాభారతమున శకుని మాటలున్నంత మాత్రమున వానిని ధర్మోపదేశముగ నెవరు గ్రహింతురు?

ఇచట నొక యాక్షేపము రావచ్చును. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు ఎలీఫజు మాటనే ప్రమాణముగ నుదాహరించినాడు గదా! నిజమే. జ్ఞానులను వారి కుయుక్తియందే దేవుడు పట్టుకొనునను ఆ మాట సామాన్యసూత్రముగ సత్యమే. దానిని నిరపరాధియైన యోబుపై ప్రయోగించుటయే దోషము. అది వాక్యదోషము కాదు, వినియోగదోషము. కావుననే మిత్రుల వాక్యములను గ్రంథమునుండి తొలగింపనక్కరలేదు. సందర్భమునుండి మాత్రము వేరుచేయరాదు.

ఈ వివేచన పండితగోష్ఠికే పరిమితమైనది కాదు. 2003 జూన్ 16న సింగరేణి సంస్థకు చెందిన గోదావరిఖని 7 ఎల్.ఈ.పీ. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. అట్టి దినమున దుఃఖించు నింటికి పోయి, నిరపరాధి యెన్నడైన నశించెనా యను ఎలీఫజు ప్రశ్నను చదువువాడు లేఖనమునే చదివినవాడగును. లేఖనతాత్పర్యమునకు మాత్రము ద్రోహము చేసినవాడగును. లూకా సువార్త 13వ అధ్యాయమున ఇట్టి ఘట్టమే కలదు. సిలోయములోని గోపురము కూలి 18 మంది చనిపోగా, వారు తక్కిన యెరూషలేము వాసులకంటె అపరాధులు కారని యేసు స్పష్టముగ చెప్పెను. మారుమనస్సును అందరినుండియు కోరెనే కాని, మృతుల పాపములను లెక్కింపలేదు. ఈ రెండు వాక్యములును సమానమనువాడు ఆ యింటి గడపలో ఏది చదువవలయునో నిర్ణయింపజాలడు.

అట్లని ప్రధానభాగములను కొన్నిటిని ఏరుకొని తక్కినవానిని మూసివేయుటయు మాకు సమ్మతము కాదు. అదే యోబు గ్రంథమున 28వ అధ్యాయము గనిపనిని వర్ణించును. జనసంచారము లేని తావున సొరంగము త్రవ్వి, చీకటికి హద్దు కల్పించి, వ్రేలాడుచు లోహములను వెదకు మనుష్యుడు అందు కనబడును. అంతటి శ్రమకును జ్ఞానము మాత్రము చిక్కదని కవి చెప్పును. సామాన్యపాఠకులు దాటిపోవు నీ భాగము, ఊటనీటినడుమ పనిచేయు రామగుండము కార్మికునకు స్వానుభవమై తోచును. సువార్తల స్థానము దీనికి రాదు; కాని దీనిని విడిచినచో ఆ పాఠకునకు వేదమున తన ముఖమే కానరాకపోవును.

కావున భాగములన్నియు గ్రంథమునకు అంగములే. అంగములన్నిటికిని ఒకే పని లేదు. ఏ వాక్యమునైన ఉదాహరించుటకు ముందు, ఇది ఎవరి మాట, ఎవరితో పలికినది, తుదకు గ్రంథము దీనిని అంగీకరించినదా యని మూడు ప్రశ్నలు వేసికొనవలయును. పరిశోధక విద్యార్థులు కావ్యపఠనమున నిత్యము పాటించు నీ నియమము వేదపఠనమునకును అవశ్యము.