మహమూద్ గవాన్: లేఖయు, ముద్రయు

కొండపల్లిని బొమ్మలవలన ఎరిగినవారు పెక్కురు. ఒక లేఖవలన ఎరిగినవారు కొందరే. 1481 ఏప్రిల్ 5వ తేదీన అచ్చట విడిసియున్న బహమనీ సుల్తాను మూడవ మహమ్మద్ షా, తన ప్రధానమంత్రి మహమూద్ గవానునకు శిరశ్ఛేదము విధించెను. సాక్ష్యము ఒక్కటియే: రాజ్యముమీదికి దండెత్తి రమ్మని ఓఢ్ర గజపతి పురుషోత్తమదేవుని పిలుచు లేఖ. దానిమీద మంత్రి ముద్ర ఉన్నది. లేఖ మాత్రము కూటసృష్టి. అట్లు మరణించినవాడు పారసీకమున లేఖారచనకు లక్షణగ్రంథము రచించిన పండితుడు. ఈ వైపరీత్యము కేవలము చరిత్రకు సంబంధించినది కాదు. లేఖ యనగా నేమి, దానిని చదువుట యనగా నేమి యను సాహిత్యప్రశ్న ఇందు ఇమిడియున్నది.

గవాను 1411 ప్రాంతమున కాస్పియను సముద్రతీరమందలి గీలాను సీమలో ఉన్నతకుటుంబమున జన్మించెను. ఆస్థానకలహములవలన స్వదేశమును విడిచి, వర్తకుడై, 1453లో దాభోలు రేవున దిగి బీదరు చేరెను. హుమాయూన్ షా అతనికి మలిక్-ఉత్-తుజ్జార్, అనగా వర్తకశ్రేష్ఠుడు, అను బిరుదమొసగెను. 1466 మొదలు పదునైదేండ్లు అతడే ప్రధానమంత్రి. 1472లో గోవాను జయించెను. ఆ యేటనే బీదరులో మూడంతస్తుల విద్యాలయమును నిర్మింపజేసెను. ఆ విద్యాలయములో కొంత భాగము 1696లో మందుగుండు ప్రేలి కూలిపోయినది. మిగిలిన గోడలమీది రంగుపలకలలో పారసీక శిల్పుల చేయి ఇప్పటికిని కనబడును.

రాజ్యములోని నాలుగు తరఫులను అతడు ఎనిమిదింటిగా విభజించెను. తరఫ్‌దారుల చేత ఒక్కొక్క కోటను మాత్రమే ఉంచి, తక్కినవానిని సుల్తాను వశము చేసెను. తెలంగాణము ఓరుగల్లు, రాజమహేంద్రవరము అని రెండు తరఫులయ్యెను. తెలంగాణమునకంతకును అధిపతియైన మలిక్ హసనునకు రాజమహేంద్రవరము మాత్రమే దక్కెను. కుట్రకు నాయకుడీతడే యని చరిత్రకారులు చెప్పుదురు. దక్కనీలకును, సముద్రముదాటి వచ్చిన ఆఫాకీలకును ఉన్న వైరము ఆ యగ్నికి ఆజ్యమైనది. తాను ఆఫాకీ యయ్యును గవాను రెండు పక్షములకును పదవులు పంచ యత్నించెను. రెండు పక్షములను సమముగా చూచువాడు ఒక్కొక్కప్పుడు రెండు పక్షములకును పరాయివాడగును.

గవాను లేఖలు ‘రియాజ్-ఉల్-ఇన్షా’ అను పేర సంకలితములై 1948లో హైదరాబాదున అచ్చుపడినవి. ఇన్షా యనగా లేఖారచనాకళ. రియాజ్ అనగా ఉద్యానములు. కవి జామీకిని, చరిత్రకారుడు షరఫుద్దీన్ అలీ యజ్దీకిని, తురుష్క సుల్తాను రెండవ మహమ్మదునకును వ్రాసిన లేఖలు ఇందు గలవు. కుమారులకు హితవు చెప్పు లేఖలును ఉన్నవి. జామీని దక్కనునకు రమ్మని ఆహ్వానించెను. ఆ కవి రాలేదు, కాని స్నేహము నిలిచినది.

ఈ గద్యము నేటి పాఠకునకు తొలిచూపున రుచింపదు. సంబోధన ముగిసి విషయము వచ్చుసరికి పెక్కు వాక్యములు గడచును. అంత్యప్రాసలు, అరబ్బీ సూక్తులు, నడుమ పద్యములు పరంపరగా వచ్చును. అయినను చంపువులలోని గద్యమును, శాసనములలోని బిరుదావళిని చదివిన తెలుగువానికి ఇది పూర్తిగా క్రొత్త కాదు. అందు అలంకారము వట్టి ఆడంబరము కాదు. వ్రాయువాని స్థానమేది, అందుకొనువాని స్థానమేది, వారి నడుమ మర్యాద ఎంత యను విషయములను అలంకారమే నిర్ణయించును. తెలుగున అనువదింపబూనువాడు దానిని తొలగించి సారాంశమును మాత్రమే ఇచ్చినచో వార్త మిగులును, లేఖ పోవును.

ఇచ్చటనే కొండపల్లి ఘటన మరల జ్ఞప్తికి వచ్చును. ఫిరిష్తా కథనము ప్రకారము, ముద్రను కాపాడు బానిసను మత్తునకు లోబరచి, తెల్లకాగితముమీద ముద్ర వేయించి, పిదప లేఖ వ్రాసిరి. సుల్తాను ఎదుట గవాను ముద్ర తనదేయని ఒప్పుకొనెను, వ్రాత తనది కాదనెను. మద్యపానమత్తుడైన ప్రభువు ఆ భేదమును గ్రహింపలేదు. ముద్రను దొంగిలింపవచ్చును, శైలిని దొంగిలించుట దుష్కరము. ఆ సభలో ఆ పత్రమును ముద్రకొరకు గాక వాక్యముకొరకు చదివినవాడు ఒక్కడు లేకపోయెను.

సంస్కృతసాహిత్యము ఎరిగినవారికి విశాఖదత్తుని ‘ముద్రారాక్షసము’ ఇచ్చట స్ఫురింపకమానదు. అందును ఒక మంత్రి ముద్ర పరహస్తగతమగును. ఆ ముద్రతో కూటలేఖ పుట్టును. ఆ లేఖను నమ్మిన మలయకేతువు రాక్షసుని దూరము చేసికొని తానే చెడును. కాని నాటకమున ఆ కపటము వెనుక చాణక్యుని సంకల్పమున్నది. తుదకు రాక్షసుడు చంద్రగుప్తునకు మంత్రి యగును. కొండపల్లిలో కపటమున్నది, చాణక్యుడు లేడు. ఒక మంత్రిని తొలగించుటయే పని. అతని చోట నిలుపదగినవానిని గూర్చిన తలంపు లేదు.

ఈ కరుణరసప్రవాహమున విమర్శకుడు కొట్టుకొనిపోరాదు. ఫిరిష్తా నూటయిరువదేండ్లకు పైబడిన పిదప బిజాపురమున వ్రాసినవాడు. ఆ రాజ్యస్థాపకుడు యూసుఫ్ ఆదిల్ ఖాను గవాను పెంచి పెద్దచేసినవాడు. మరియొక చరిత్రకారుడు తబాతబా అహమ్మదునగరమున వ్రాసెను. ఆ సింహాసనము మలిక్ హసను సంతతిది. ఆశ్రయమిచ్చిన ఇల్లు కథకుని చూపును కొంత దిద్దును. కాబట్టి రెండింటిని పక్కపక్కన పెట్టుకొని చదువవలెను. 1942లో గవాను జీవితమును గ్రంథస్థము చేసిన హారూన్ ఖాన్ షేర్వానీ పరిశోధన ఈ త్రోవలో దీపము వంటిది.

గవాను నిందకు అతీతుడు కాడు. అతని విజయములలో కూలిన కోటలున్నవి. 1481లోనే బహమనీ సైన్యము కంచిని దోచినది. ఆ రాజ్యమునకు ప్రధానమంత్రి అతడే. ఆ కాలమున బీదరునకు వచ్చిన రష్యను వర్తకుడు అఫనాసీ నికితిన్ ప్రభువుల వైభవమును, పల్లెప్రజల దారిద్ర్యమును రెంటిని చూచి వ్రాసెను. లేఖలలోని సౌజన్యమును, రాజ్యములోని కాఠిన్యమును ఒకే మనిషిలో చూడగలిగిననే ఆ మనిషి కనబడును. హతుడైనవాని గుణములను మాత్రమే చెప్పుట సానుభూతి కావచ్చును గాని విమర్శ కాదు.

తరువాతి కథ స్వల్పము. మరుసటి సంవత్సరమే సుల్తాను మరణించెను. 1486లో మలిక్ హసను హతుడయ్యెను. 1347లో స్థాపితమైన రాజ్యము బిజాపురము, అహమ్మదునగరము, బీరారు, గోలకొండ, బీదరు అని అయిదు ముక్కలయ్యెను. ఒక కూటలేఖయే రాజ్యమును కూల్చినదనుట అతిశయోక్తి. తరఫ్‌దారుల స్వాతంత్ర్యకాంక్ష అంతకుముందే ఉన్నది. అయితే దానికి కట్టిన కట్టను ఆ లేఖ తెంచినది.

కూటలేఖ తన పని ముగించుకొని నశించినది. నిజమైన లేఖలు నిలిచినవి. ముద్రను చూచి తీర్పు చెప్పిన సభ చేయని పనిని, అనగా వాక్యమును చదువు పనిని, ఆ లేఖలు నేటి పాఠకునికి అప్పగించుచున్నవి.