గొలుసు బిగించే చేయి

మన తెలుగువాళ్లు ఎందరో స్థిరపడ్డ రైల్వే ఊరు ఖరగ్‌పూర్. అక్కడి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో టాటా హిటాచీ కర్మాగారం ఉంది. అలాంటి చోట 20 టన్నుల ఎక్స్‌కవేటర్ లోబెడ్ ట్రైలర్ ఎక్కడం చూసి తీరాలి. ర్యాంపు అంచున బండి ఒక్క క్షణం తూగుతుంది. ఆపరేటర్ ఊపిరి బిగబట్టి, బరువు ముందుకు వచ్చేలా మెల్లగా నడిపిస్తాడు. బండి కూర్చునే ఏనుగులా ఒరుగుతుంది. ఆపైన హెల్పరు పని. నాలుగు మూలలా గొలుసులు బిగించి, ఒక్కోదాన్నీ తట్టి చూస్తాడు. వదులైతే గలగల, బిగిస్తే ఖణేల్‌! ఆ చెవికి దండం పెట్టాలి. తుప్పు గీకి రంగేసిన పాత 25 పౌండర్ ఫిరంగిని తరలించాలన్నా ఇదే విద్య కావాలి: చక్రాలకు చెక్క దిమ్మలు, గొలుసు తగిలేచోట గోనెపట్టా. కాస్త దూరం పోయాక ఆగి మళ్లీ బిగిస్తారు. హైవే మీద అలాంటి బండి కనిపిస్తే హారన్ కొట్టకండి, దారివ్వండి.