ఎనభై ఒకటో మనిషి

ప్రోగ్రాం నెమ్మదించిందంటే మనవాళ్లు ముందు డేటాబేస్‌ని తిడతారు, తర్వాత నెట్‌వర్క్‌ని తిడతారు. డేటాని అక్షరాల్లోకి మార్చి చూపించే చిన్న ఫంక్షన్‌ని ఎవరూ అనుమానించరు. డిక్షనరీలో లిస్టు, ఆ లిస్టులో మళ్లీ డిక్షనరీ, ఇలా పొరలు పొరలుగా ఉన్నదాన్ని లైన్లు విరిచి, పక్కకి జరిపి, చదవడానికి వీలుగా రాయడం ఎంత పని అనుకుంటాం. ప్రొఫైలర్ తిప్పినప్పుడు ఈ అమాయకపు ఫంక్షనే జాబితాలో పైన కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను.

పైథాన్‌తో పాటే వచ్చే పీప్రింట్ మాడ్యూల్ సంగతే తీసుకుందాం. దాని సోర్సు చదవడం నాకిష్టం. చిన్నది, దాపరికం లేనిది. ఏ వస్తువు ఇచ్చినా ముందు దాన్ని మొత్తం ఒకే లైన్‌గా మార్చి పొడవు చూస్తుంది. మామూలుగా లైన్ వెడల్పు 80 అక్షరాలు. అందులో పడితే అలాగే రాసేస్తుంది. పడకపోతే ఆ స్ట్రింగ్‌ని పారేసి, లోపలున్న ఒక్కోదాన్నీ తీసుకుని మళ్లీ ఒకే లైన్‌గా మార్చి చూస్తుంది. పై పొర కోసం ఒకసారి కట్టిన ముక్కలనే కింది పొర కోసం మళ్లీ కడుతుందన్నమాట. పది పొరల అడుగున ఉన్న ఒక అంకె, పైనున్న పొరలేవీ లైన్‌లో పట్టకపోతే, పదిసార్లకు పైగా అక్షరాల్లోకి మారుతుంది. తెరమీద కనిపించేది మాత్రం ఒక్కసారే. కీలని వరుసలో పెట్టొద్దని మనం చెప్పకపోతే ఆ సార్టింగూ ప్రతి పొరకీ కొత్తగా మొదలవుతుంది. డీబగ్ చేసుకుంటూ ఒక చిన్న డిక్షనరీని చూసుకున్నప్పుడు ఇదేమీ తెలియదు. అసలు ఆ మాడ్యూల్‌ని రాసింది అలాంటి పనికే. దాన్ని తీసుకెళ్లి ప్రతి రిక్వెస్టుకీ లాగ్ రాసే దారిలో పెట్టినప్పుడు తెలుస్తుంది.

ఈ జబ్బుకి మందు 1980లోనే అచ్చయింది. స్టాన్‌ఫర్డ్‌కి చెందిన డెరెక్ ఒపెన్ ఆ ఏడాది టోప్లాస్ పత్రికలో ‘ప్రెటీప్రింటింగ్’ అనే వ్యాసం రాశాడు. ఆయన పట్టుకున్న కిటుకు ఇది: వస్తువు మొత్తం పొడవు మనకి అక్కర్లేదు. లైన్‌లో మిగిలిన చోటులో అది పడుతుందా పడదా, అంతే కావాలి. పెళ్లి భోజనాల్లో బంతికి ఎనభై విస్తళ్లు వేశారనుకోండి. బయట నిలబడ్డవాళ్లంతా ఒకే బంతికి సరిపోతారా అని చూడడానికి ఊరంతా లెక్కపెట్టనక్కర్లేదు. ఎనభై ఒకటో మనిషి కనపడగానే జవాబు తెలిసిపోయింది, లెక్క ఆపేయొచ్చు. ఒపెన్ పద్ధతిలో ఒక భాగం ముందు నడుస్తూ పొడవులు కొలుస్తుంది, రెండోది వెనకే వస్తూ రాస్తుంది. ఆ రెంటి మధ్య దూరం లైన్ వెడల్పుని బట్టి ఉంటుంది తప్ప డేటా సైజుని బట్టి కాదు. అందువల్ల డేటా రెట్టింపయితే సమయమూ రెట్టింపే అవుతుంది, పొరల లోతుతో గుణించుకుంటూ పోదు. మెమరీ అయితే డేటా పెరిగినా పెరగదు. రస్ట్ కంపైలర్ లోపలున్న ప్రెటీ ప్రింటర్ ఇప్పటికీ ఈ పద్ధతిలోనే నడుస్తోంది.

తర్వాత జాన్ హ్యూస్, ఫిలిప్ వాడ్లర్ ఇదే సమస్యని హాస్కెల్‌లో ఎంతో అందంగా రాశారు. చదువుతుంటే ముచ్చటేస్తుంది. కానీ వాడ్లర్ కోడు వేగమంతా హాస్కెల్ బద్ధకం మీద ఆధారపడింది. అడిగితే తప్ప ఆ భాష ఏదీ లెక్క కట్టదు. అదే కోడుని జావాలోకో పైథాన్‌లోకో మక్కీకి మక్కీ దింపితే అవసరం లేని అమరికలన్నీ కట్టుకుంటూ కూర్చుంటుంది. అందం అరువు తెచ్చుకునే ముందు అది ఏ నేలలో పెరిగిందో చూసుకోవాలి.

ఇక స్ట్రింగులు అతకడం. ఇది పాత కథే, అయినా ఇప్పటికీ కోడు రివ్యూల్లో దొరుకుతూనే ఉంటుంది. జావా లూప్‌లో ప్లస్ గుర్తుతో ముక్కలు కలుపుతూ పోతే, కలిపిన ప్రతిసారీ అప్పటిదాకా ఉన్నదంతా కొత్త చోటుకి కాపీ అవుతుంది. పది అక్షరాల ముక్కలు 10,000 కలిపితే చివరికి వచ్చేది లక్ష అక్షరాలు. దానికోసం జరిగే కాపీ దాదాపు 50 కోట్ల అక్షరాలు. స్ట్రింగ్‌బిల్డర్ వాడాలని అందరికీ తెలుసు, కానీ పొరలున్న డేటాలో ఈ తప్పు ముసుగేసుకుని వస్తుంది. ప్రతి పొరా తన స్ట్రింగ్‌ని కట్టి పైకి ఇస్తుంది, పై పొర దాన్ని తనలో కలుపుకుని ఇంకా పైకి ఇస్తుంది. ఎక్కడా లూప్‌లో ప్లస్ కనిపించదు, అయినా అట్టడుగు అక్షరం పొరకొకసారి కాపీ అవుతుంది. నేను చేసేదొకటే: ఒక్క బఫర్‌ని పైనుంచి కిందికి అందించడం, ఎవరి ముక్క వాళ్లు అందులోనే రాసేయడం.

కొలవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. డేటాని వెడల్పులో రెట్టింపు చేసి ఒకసారి, లోతులో రెట్టింపు చేసి ఒకసారి సమయం చూడండి. ఎక్కడ నాలుగింతలయిందో అక్కడే తవ్వాలి.

తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకి ఇంకో ఖర్చుంది. పైథాన్ జేసన్ మాడ్యూల్ మనం వద్దని చెప్పకపోతే ఆస్కీ కాని ప్రతి అక్షరాన్నీ వెనక్కి వాలిన గీత, యు, నాలుగు హెక్సా అంకెలుగా మారుస్తుంది. ‘తెలుగు’ అన్న మాటలో గుణింతాలతో కలిపి ఆరు యూనికోడ్ సంకేతాలున్నాయి. యూటీఎఫ్-8లో అది 18 బైట్లు, ఈ పద్ధతిలో 36. పేర్లూ చిరునామాలూ తెలుగులో ఉన్న ఫైలు రెట్టింపు బరువెక్కుతుంది, పైగా చూస్తే ఒక్క ముక్క అర్థం కాదు. ఎన్‌ష్యూర్ ఆస్కీ అన్న మీటని ఫాల్స్ చేస్తే చాలు. ఇంత చిన్న మార్పుకి ఇంత లాభం ఇంకెక్కడా దొరకదు.

అదే మాడ్యూల్‌లో ఇండెంట్ అనే ఇంకో మీట ఉంది. ఖాళీలు చేర్చడమే కదా అనుకుంటారు. చాలా వెర్షన్ల పాటు ఇండెంట్ ఇవ్వగానే పైథాన్ సీ భాషలో రాసిన వేగవంతమైన దారిని వదిలేసి, మామూలు పైథాన్‌లో రాసిన దారి పట్టేది. అక్కడ లోపలి ప్రతి ముక్కా పొరపొరకీ ఉన్న జెనరేటర్ల గుండా పైకి రావాలి. కంప్రెస్ చేస్తే ఖాళీలు పోతాయి కదా అని వాదించేవాళ్లున్నారు. డిస్కు మిగులుతుంది, నిజమే. కానీ ఖాళీలు రాయడమూ సీపీయూ పనే, వాటిని కుదించడమూ సీపీయూ పనే. కళ్లతో చూడాలనుకున్నవాళ్లు చూసే రోజున జేసన్‌ని విడమరిచి చూపే జేక్యూ అనే టూల్‌లో విప్పుకుని చూసుకుంటారు.

ఈ వారం మీ కోడులో ఇండెంట్ అని ఉన్న చోట్లన్నీ ఒకసారి వెతకండి. ఆ ఫలితాన్ని చదివే మనిషెవరో చెప్పగలిగితే ఉంచండి, చెప్పలేకపోతే తీసేయండి.