పుల్లరి నుంచి కరెంటు బిల్లు దాకా: కోపమూ, కారణమూ

ఈమధ్య నరసరావుపేటలో జరిగిన ఒక చిన్న సాహిత్య గోష్ఠిలో, గురజాల వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి కవి కరెంటు చార్జీల మీద కవిత చదివాడు. గొంతు బాగుంది. ఆవేశం బాగుంది. నాయకులందరూ దొంగలేననీ, జెండాల రంగులు మారినా జేబులు కొట్టే చేతులు ఒకటేననీ దాని సారాంశం. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. గోష్ఠి అయిపోయాక, మాకు టీలు అందించిన పెద్దావిడ కొంగుముడి విప్పి, మడతలు పడిన బిల్లు తీసి ఆ కుర్రవాడి చేతికిచ్చింది. "అందర్నీ బాగానే తిట్టావు నాయనా. ఈ కిందున్న గడి దేనికో చెప్పు. మేం ఆ ఇంట్లో అద్దెకి దిగి ఏడాదే అయింది. ఎప్పటిదో బాకీ అంట, మా మీద ఏశారు" అంది. కవి బిల్లును అటూ ఇటూ తిప్పి నాకిచ్చాడు. నేను పక్కనున్న లెక్చరరు గారికిచ్చాను. ముగ్గురిలో ఒక్కరమూ సమాధానం చెప్పలేకపోయాం.

ఆవిడ బిల్లు మడిచి మళ్లీ ముడి వేసుకుంది. ఈ వ్యాసం ఆ ముడి గురించే.

1

ఆ కవిత చెడ్డదని నేననడం లేదు. ప్రజల విసుగును అది నిజాయితీగానే పట్టుకుంది. కానీ విసుగు ముడిసరుకు మాత్రమే. దాన్ని అలాగే తిరిగి ప్రజల చేతుల్లో పెడితే రచయిత చేసిన పని ఏమీ లేదు. "అందరూ దొంగలే" అన్న మాట వినడానికి తిరుగుబాటులా ఉంటుంది. ఆచరణలో అది లొంగుబాటు. అందరూ దొంగలే అయినప్పుడు పట్టుకోవలసిన దొంగ ఎవడూ ఉండడు, అడగవలసిన లెక్క ఏదీ ఉండదు. పాలకవర్గాలకు ఇంతకంటె సుఖమైన కోపం మరొకటి లేదు. అయిదేళ్లకోసారి అది ఒక ముఠాను దించి మరో ముఠాను ఎక్కించి చల్లారుతుంది. బిల్లులోని గడి మాత్రం చెక్కు చెదరదు.

ఇది ఒక్క యువకవి లోపం కాదు. పల్నాడు మీద మనం రాసిన సాహిత్యంలోనే దీని వేళ్లున్నాయి.

2

పల్నాడు అనగానే మన కలానికి పౌరుషం గుర్తొస్తుంది. కారంపూడి, బాలచంద్రుడు, నాగమ్మ, బ్రహ్మనాయుడు. బ్రహ్మనాయుడి చాపకూడును కులాల గోడలు దాటిన పంక్తిగా మనం సరిగానే కీర్తించాం. అంతమందికి వండిన పొయ్యిలోకి కంప ఎవరు మోసుకొచ్చారని మాత్రం అడగలేదు. వీరగాథకు ఆ ప్రశ్న అక్కర్లేదు. అభ్యుదయ సాహిత్యానికి కావాలి.

కన్నెగంటి హనుమంతు విషయంలో జరిగింది ఇదే. 1882 మద్రాసు అటవీ చట్టం అడవులను రిజర్వు చేసింది. అప్పటిదాకా ఊరిదైన అడవి సర్కారుదయింది. మద్రాసు రాజధానిలో తొలినాటి రైలింజన్లు కట్టెలతోనే నడిచాయి, పట్టాల కింద స్లీపర్లు కలపతోనే వేశారు. తన ఇంజన్ల కడుపు నింపుకోవడానికి రాజ్యం అడవిని కాపాడుకుంది, ఊరి పొయ్యికి లెక్క కట్టింది. పశువు మేస్తే పుల్లరి. అనుమతి లేకుండా పుల్ల విరిస్తే నేరం. పల్నాడు తాలూకాలో పశువే రైతు ఆస్తి. పాలు, ఎరువు, దుక్కి, పొయ్యిలోకి పిడక అన్నీ దాని నుంచే. మేత మీద పన్ను వేస్తే అది పాక వెనక పిడకల గోడ దాకా వచ్చి తగులుతుంది.

1921లో పల్నాటి గ్రామాలు పుల్లరి కట్టబోమన్నాయి. అటవీ ఉద్యోగులను సాంఘికంగా బహిష్కరించాయి. మించాలపాడు హనుమంతు ఆ ఉద్యమానికి నాయకుడై 1922 ఫిబ్రవరి ఆఖరి రోజుల్లో పోలీసు కాల్పులకు బలయ్యాడు. చౌరీచౌరా తర్వాత ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెసు శాసనోల్లంఘనను ఆపివేసింది. పై నాయకత్వం ఆగమన్న తర్వాత కూడా కింద పల్లెలో తుపాకి పేలిందంటే, అక్కడి తగాదా నాయకత్వం నిర్ణయాలతో తీరేది కాదని అర్థం. అది మేతకూ పొయ్యికీ సంబంధించిన తగాదా.

మన బుర్రకథలూ, నాటకాలూ, గేయాలూ హనుమంతు గుండెను చూపించాయి. గుండెలో దిగిన తూటాలు చూపించాయి. ఆయన కట్టనన్నది దేనిమీద పన్నో, ఆ పన్ను ఏ ఇంటి పొయ్యిని ఎట్లా ఆర్పిందో చూపించినవి అరుదు. నేను కుర్రతనంలో రాసిన గేయం కూడా అలాంటిదే. అందులో సింహాలున్నాయి, నెత్తురుంది, పిడక లేదు. దాన్ని పాడిన ఊళ్లల్లో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. రిజర్వు హద్దులో పుల్లలేరి గార్డుకు దొరికిపోయిన వాళ్లమ్మల సంగతి మాత్రం అందులో వాళ్లకు కనబడలేదు. అమరుణ్ణి కారణం నుంచి విడదీస్తే విగ్రహం మిగులుతుంది. ఏ పార్టీ దండ అయినా దానికి అతుకుతుంది.

దీనికి భిన్నమైన దారి ఆ రోజుల్లోనే ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ఈ పుల్లరి ఉద్యమంతో సంబంధమున్న మనిషే. జైలులో ఆయన రాసిన 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం 1923లో నిషేధించింది. సంగదాసు హత్య ఆ నవలలో ఉన్నట్టుండి ఊడిపడదు. దాని వెనక కూలి తగవు ఉంది. ఎవరు ఎంత కొలవాలన్న లెక్క ఉంది. ఆ లెక్క తెలిశాకే పాఠకుడికి కోపం వస్తుంది. అట్లా వచ్చిన కోపం నిలుస్తుంది. ప్రభుత్వం భయపడిందీ అందుకే.

3

పుల్లరి కాలం పోయింది, తెల్లదొర పోయాడు అనుకుంటాం. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. మాచర్ల పొలిమేరలో కృష్ణ కరెంటుగా మారింది. కంప పోయి కిరసనాయిలు, అది పోయి గ్యాసుబండ, వెనకనే మీటరు వచ్చాయి. పొయ్యి మారింది. పొయ్యి మీద పన్ను వేసే పద్ధతీ మారింది. ఆశ్చర్యమేమంటే, ఈ కొత్త పద్ధతి వెనకా ఇంగ్లండు ఉంది.

మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1989 చట్టంతో బ్రిటన్‌లో విద్యుత్ రంగాన్ని ముక్కలు చేసి ప్రైవేటు పరం చేసింది. ఉత్పత్తి ఒకరిది, సరఫరా ఒకరిది, మధ్యన ఒక నియంత్రణ సంస్థ. ఈ నమూనా తర్వాత ప్రపంచబ్యాంకు సంచిలో దేశదేశాలు తిరిగింది. మన దేశంలో ముందు ఒరిస్సాకు వచ్చింది. తర్వాత మనకు. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం 1998లో చేశారు. 1999లో విద్యుత్ బోర్డును చీల్చారు, నియంత్రణ మండలిని పెట్టారు. దీనికి అప్పు ప్రపంచబ్యాంకుది. సహాయం చేసిన వాళ్లలో బ్రిటిష్ ప్రభుత్వపు అంతర్జాతీయాభివృద్ధి శాఖ ఒకటి. పంపిణీ కంపెనీలు ఇక్కడ ప్రభుత్వ ఆస్తిగానే మిగిలాయి. కానీ కరెంటు మనిషికి అవసరమైన వస్తువు అన్న భావన పోయి, ఖర్చంతా రాబట్టవలసిన సరుకు అన్న భావన స్థిరపడింది.

2000లో చార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ప్రదర్శకుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. రామకృష్ణ, విష్ణువర్ధన్‌రెడ్డి, బాలస్వామి చనిపోయారు. 2004 ఎన్నికల్లో ప్రభుత్వం పడిపోవడానికున్న కారణాల్లో ఆ కోపం ఒకటి. కొత్త ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇచ్చింది. అది పోరాటం గెలిచిన ఫలితమే, తక్కువ చేయనక్కర్లేదు. అయితే 1998 చట్టం పెట్టిన చట్రం అలాగే ఉండిపోయింది. మనం అమరులకు స్మృతిగీతాలు రాశాం, చట్రం గురించి రాయలేదు. హనుమంతు విషయంలో చేసిన తప్పునే మళ్లీ చేశాం.

నమూనా పుట్టిన ఇంట్లో ఏమయిందో కూడా చూడాలి. 2022 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో సగటు కుటుంబపు ఇంధన బిల్లుకు నియంత్రణ సంస్థ పెట్టిన వార్షిక పరిమితి 54 శాతం పెరిగి 1,971 పౌండ్లకు చేరింది. ఇల్లు వెచ్చబెట్టుకోవాలా, కడుపు నింపుకోవాలా అన్నది అక్కడి పేదల ప్రశ్న అయింది. బిల్లు కట్టబోమని ప్రతిజ్ఞలు సేకరించే ఉద్యమం కూడా లేచింది. ఆ ఒక్క ఏడాదిలో ముగ్గురు ప్రధానమంత్రులు ఆ కుర్చీలో కూర్చున్నారు. 2024 జూలైలో ప్రజలు విసిగి పార్టీనే మార్చారు. వచ్చిన లేబరు ప్రభుత్వం అదే నెలలో ఎక్కువమంది పింఛనుదారులకు చలికాలపు ఇంధన సాయం తీసేస్తున్నట్టు ప్రకటించింది. నిరసన పెరిగి 2025 జూన్‌లో చాలా వరకు వెనక్కి తగ్గింది. మనుషులు మారినంత మాత్రాన బిల్లు మారలేదు. జనం నిలబడి ఫలానా సాయం ఎందుకు తీశారని గుచ్చి అడిగినప్పుడు కొంత మారింది.

4

ఇప్పుడు ఆ పెద్దావిడ గడి దగ్గరికి వద్దాం. దాని పేరు ట్రూఅప్. నియంత్రణ మండలి ఏడాది మొదట ఒప్పుకున్న ఖర్చు కంటె అసలు ఖర్చు ఎక్కువయితే, ఆ తేడాను తర్వాతి కాలంలో వినియోగదారుల నుంచి రాబట్టడం. 2014-19 నాటి తేడాను 2021లో ఒకసారి మొదలుపెట్టి, ఆగి, 2022 నుంచి వసూలు చేశారు. 2022-23కు ఆరు వేల కోట్ల పైచిలుకు, 2023-24కు తొమ్మిది వేల కోట్ల పైచిలుకు రాబట్టడానికి 2024 చివర అనుమతి వచ్చింది.

ఈ ఏళ్లను వరసగా పెట్టి చూడండి. ఒక పార్టీ పాలనలో అయిన ఖర్చును రెండో పార్టీ పాలనలో వసూలు చేశారు. ఆ రెండో పార్టీ పాలనలో అయిన ఖర్చు, మొదటి పార్టీ నాయకత్వంలోని కూటమి పాలనలో వసూలుకు వచ్చింది. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు రోడ్డెక్కుతారు, అధికారంలోకి రాగానే ఇది పాతవాళ్ల పాపమంటారు. విచిత్రంగా రెండు మాటలూ సగం నిజాలే. మిగతా సగం ఆ చట్రంలో ఉంది. అది ఖర్చును కాలంలో వెనక్కి నెట్టి, బాధ్యుడు కనబడకుండా చేస్తుంది. "అందరూ దొంగలే" అన్న కవిత ఈ పొగమంచును చెదరగొట్టదు, చిక్కబరుస్తుంది.

బొగ్గు ధర పెరిగింది, కొనుగోలు ఖర్చు నిజమే కదా అని ఒక వాదముంది. ఖర్చు నిజమే కావచ్చు. ఏ ఒప్పందాల వల్ల అంత అయింది, దాన్ని ఎవరు మోయాలి అన్నదే రాజకీయం. పాతబాకీ మీటరు మీద పడుతుంది, మనిషి మీద కాదు. కాబట్టి సొంత ఇల్లు లేనివాడు, ముందు అద్దెకున్న ఎవడో వాడుకున్న కరెంటుకు డబ్బు కడతాడు. రెంటచింతల ఎండల్లో ఫ్యాను విలాసం కాదు, ప్రాణం. మిరపకోత నుంచి వచ్చిన మనిషి రాత్రి ఫ్యాను కింద నడుం వాల్చినందుకు, తాను చూడని ఏడాది లెక్కకూ బాధ్యురాలవుతుంది. ఇంతకంటె పెద్ద కథావస్తువు కోసం ఎక్కడ వెతుకుతాం?

5

సాహిత్యం లెక్కల పుస్తకమా అని మిత్రులు అడగవచ్చు. కాదు. బిల్లును వచనకవితగా విరగ్గొట్టి అచ్చు వేయమని నేననడం లేదు. వస్తువు తెలియనప్పుడు శిల్పం అరుపుగా మారుతుందని మాత్రమే అంటున్నాను. ఇల్లు ఖాళీ చేసిన కుటుంబం వదిలి వెళ్లిన బాకీ, కొత్తగా దిగిన కుటుంబం గోడ మీద నీడలా కదలడం ఒక కథ. కంప మోసిన అమ్మమ్మ, కిరసనాయిలు క్యూలో నిలబడిన అమ్మ, బిల్లు చూసి ఫ్యాను కట్టే కూతురు, ఈ మూడు తరాల పొయ్యి ఒక నవల. కట్టని ఇంటికి కనెక్షన్ పీకడానికి పంపితే, అది తన మేనత్త ఇల్లని తెలిసిన లైనుమన్ ఒక నాటకం. ఇవన్నీ పౌరుషం కథలు కావు. అయినా పల్నాడు కథలే. విద్యార్థి మిత్రులు పరిశోధనలకు అంశాలు వెతుక్కునేటప్పుడు, హనుమంతు మీద వచ్చిన పాటల్లో పుల్లరి అన్న మాట ఎన్నిచోట్ల వచ్చిందో, వచ్చినచోట దాని అర్థం చెప్పారో లేదో చూడటం కూడా విమర్శే.

ఆ గోష్ఠి తర్వాత గురజాల కుర్రవాడు నాకు ఉత్తరం రాశాడు. కవిత మళ్లీ రాస్తున్నానని, రావడం లేదని, తిట్లు తీసేస్తే ఏమీ మిగలడం లేదని. మంచి సంకేతమే. బిల్లు తీసుకుని ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లమని, ముందు ఆ గడి సంగతి ఆవిడకు అర్థమయ్యేట్టు చెప్పి రమ్మని జవాబు రాశాను. ఆవిడకు అర్థమయ్యేట్టు చెప్పగలిగిన రోజున అతనికి కవిత దొరుకుతుంది. దొరక్కపోయినా, ఒక బిల్లుకు అర్థం చెప్పిన వాడవుతాడు. మనలో చాలామందిమి ఇన్నేళ్లలో అంతపాటి పని కూడా చేయలేదు.