తండ్రిని పడేసిన పిల్ల

జూడోలో మొదట నేర్పేది పడటం. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా హాస్టల్ ఆడపిల్లలకి ఒక ఏడాదిపాటు సాయంత్రాలు జూడో నేర్పారు. మొదటి రెండు నెలలూ మేం ఎవరినీ ఎత్తి పడేసింది లేదు. వెనక్కి పడటం, పక్కకి పడటం, ముందుకి దొర్లటం, అంతే. పడేటప్పుడు గడ్డం గుండెకి ఆనించుకోవాలి, అరచేత్తో చాపని గట్టిగా చరచాలి, ఊపిరి బిగపట్టకూడదు. "మెల్లగా నడువు, పడతావ్" అని వింటూ పెరిగినవాళ్ళం మేం. పడటం కూడా ఒక విద్యేనని, దాన్ని సాధన చెయ్యొచ్చని తెలిసినప్పుడు ముందు నవ్వుకున్నాం. తర్వాత ఎవరికి వాళ్ళం కొంచెం మౌనంగా అయిపోయాం.

ఈ మధ్య మా అన్నయ్య కూతురు నన్నొక పరీక్ష పెట్టింది. దానికి జపాన్ యానిమే అంటే ప్రాణం. "అత్తా, నువ్వు జూడో చేశావు కదా. ఇది చూసి నిజంగా ఇలాగే ఉంటుందో లేదో చెప్పు" అని 'యవరా!' అనే పాత సీరియల్ చేతిలో పెట్టింది. నూట ఇరవై నాలుగు భాగాలు. అన్నీ చూశాను. దాని ప్రశ్నకి జవాబు ఒక ముక్కలో చెప్పొచ్చు, ఇలాగే ఉంటుందని. కానీ ఏది ఇలాగే ఉంటుంది అన్న దగ్గరే నాకు పేచీ వచ్చింది.

పోరాట విద్యల చిత్రణలో వాస్తవికత అనగానే అందరూ దెబ్బని చూస్తారు. చెయ్యి ఎక్కడ పెట్టాడు, కాలు ఎలా తిప్పాడు, ఆ పట్టు నిజంగా ఉందా అని. నాకు మాత్రం దెబ్బ తర్వాత ఏమవుతుందన్నదే కొలమానం. 2003లో వచ్చిన 'ఇక్కి తౌసెన్'లో అమ్మాయిలు ఒకళ్ళనొకళ్ళు చితక్కొట్టుకుంటారు. దెబ్బకి బట్టలు చిరుగుతాయి గానీ చర్మం కమలదు. అక్కడ దెబ్బ తగిలేది ఆ అమ్మాయికి కాదు, చూసేవాడి కంటికి. ఇంకోవైపు 2000లో మొదలైన 'హజిమె నో ఇప్పో' ఉంది. బాక్సింగు గురించి అంత నిజాయితీగా తీసినవి తక్కువ. బరువు దించుకోడానికి నీళ్ళు కూడా తాగకుండా ఎండిపోయే శరీరాలు, వాచి మూసుకుపోయిన కళ్ళు, అన్నీ కనిపిస్తాయి. అందులో కథానాయకుడికి ఇష్టమైన అమ్మాయి బేకరీలో పనిచేస్తుంది. వాళ్ళన్న కూడా బాక్సరే. ఆ పిల్ల పని ఏమిటంటే భయపడటం. కుర్చీలో కూచుని ఎవరి ముఖం పగులుతుందా అని చూడటం. అది కూడా వాస్తవమే, కాదనను.

'యవరా!' ఈ రెంటికీ భిన్నమైనది. ఉరసావా నవోకి 1986 నుంచి 1993 వరకు గీసిన మాంగా ఇది. మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసిన సీరియల్ 1989 అక్టోబరులో మొదలై 1992 సెప్టెంబరులో ముగిసింది. బార్సిలోనా ఒలింపిక్స్‌కి ఇంకా ఇన్ని రోజులుంది అని భాగాల చివర లెక్క చెప్పేవారు. ఆ లెక్క వెనక ఒక చరిత్ర ఉంది. మగవాళ్ళ జూడో 1964 టోక్యోలోనే ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఆడవాళ్ళది 1988 సియోల్‌లో ప్రదర్శనగా మాత్రమే పెట్టి, 1992 బార్సిలోనాలో గానీ పతకాలివ్వలేదు. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ ఖాళీలోంచి పుట్టిన కథ ఇది.

ఇనొకుమా యవరా అనే అమ్మాయిని తాత జిగొరో పసితనం నుంచీ రహస్యంగా జూడోలో తయారుచేస్తాడు. జూడోని స్థాపించిన కానో జిగొరో పేరే ఈ తాతకీ పెట్టారు. యవరా అన్నది జుజుత్సుకి పాత పేరు. అంటే పిల్ల పేరు కూడా పిల్లది కాదన్నమాట, తాత విద్యది. ఆ పిల్లకేమో మామూలు అమ్మాయిలా ఉండాలని, మంచి బట్టలు వేసుకోవాలని, ఎవరినైనా ప్రేమించాలని ఉంటుంది. మొదట్లోనే వీధిలో సంచి లాక్కుని పారిపోతున్నవాణ్ణి తొమొయెనాగె పట్టుతో గాల్లోకి లేపుతుంది. ఆ పట్టు తెలిసినవాళ్ళకి ఆ దృశ్యం ముద్దొస్తుంది. ఎందుకంటే తొమొయెనాగెలో ఎదుటివాణ్ణి పడెయ్యాలంటే ముందు తనే వెల్లకిలా పడాలి. పడుతూ పడుతూ అతని పొట్టకి పాదం ఆనించి తల మీదుగా దాటించాలి. పడటం రానివాళ్ళకి ఆ పట్టు రాదు. అయితే అదే సమయానికి అక్కడున్న పత్రికాఫీసు ఫొటోగ్రాఫరు చూపు ఆ పట్టు మీద లేదు, గౌను కింద ఉంది. దాన్ని హాస్యంగా పెట్టారు. నాకు నవ్వు రాలేదు గానీ అబద్ధమని కూడా అనిపించలేదు.

ఆమెకి పేరు తెచ్చిన పట్టు ఇప్పోన్ సెయోనాగె, భుజం మీదుగా పడెయ్యటం. చిన్న మనిషి పెద్ద మనిషిని ఎలా లేపుతుందన్నది మంత్రం కాదు. ముందు చెయ్యిపట్టి ఎదుటివాళ్ళని మునివేళ్ళ మీదకి లాగాలి, అంటే నిలకడ చెడగొట్టాలి. తర్వాత గిర్రున తిరిగి, మోకాళ్ళు వంచి, వాళ్ళ నడుంకన్నా కిందికి తన నడుం చేర్చాలి. ఆ తర్వాత ఎత్తే పని పెద్దగా ఉండదు, బరువు దానంతటదే దొర్లుతుంది. పొట్టిగా ఉండటం ఇక్కడ లోపం కాదు, వాటం. సీరియల్ ఈ వరసని ఎగరగొట్టలేదు. పిల్ల కంటికి మెరుపులు పెట్టలేదు, చేతిలోంచి నిప్పులు రాలేదు. వీపు పూర్తిగా చాపకి తగిలిన చప్పుడు, ఆ తర్వాత న్యాయనిర్ణేత చెయ్యి పైకి లేవటం. అక్కడిదాకా నేను నూటికి తొంభై మార్కులేస్తాను.

కానీ ఈ కథలో అన్నిటికన్నా వాస్తవమైన పట్టు పోటీలో జరిగింది కాదు. యవరాకి అయిదేళ్ళప్పుడు తండ్రితో సాధన చేస్తూ ఆయన్ని పడేస్తుంది. ఆ తండ్రి జూడో యోధుడు. కొంతకాలానికి ఇల్లు విడిచి వెళ్ళిపోతాడు. తల్లి ఆయన్ని వెతుక్కుంటూ ఊళ్ళు తిరుగుతుంటుంది. తను పడేసినందుకే నాన్న వెళ్ళిపోయాడని ఆ పిల్ల నమ్ముతూ పెరుగుతుంది. ఇంక జూడో ఎందుకు ఇష్టమవుతుంది? గెలిచిన ఆడపిల్లకి ఇంట్లో దొరికే మొదటి బహుమతి ఇదే కదా. నాన్న కంటే ముందు లెక్క చేసి చెప్పినందుకో, అన్న కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నందుకో ఇంట్లో ముఖాలు ముడుచుకోవటం మనలో చాలామందికి తెలుసు. 'యవరా!' ఆ ముడుచుకున్న ముఖాన్ని కథకి మూలంగా పెట్టింది. పట్టుని సరిగ్గా గియ్యటం కంటే ఇది కష్టం.

ఇక్కడే నా పేచీ కూడా. గాయాన్ని అంత సరిగ్గా పట్టుకున్న కథ, దాని మీద నిలబడకుండా పక్కకి జారుతుంది. యవరా జూడో వద్దంటుంటే అది ఆ గాయం వల్ల అని కొన్నిసార్లు చూపిస్తుంది. ఎక్కువసార్లు మాత్రం ఆడపిల్ల కాబట్టి సహజంగానే వద్దంటోందన్నట్టు చూపిస్తుంది. ఆమె బలానికి ఆమె కోరిక తోడవకుండా జాగ్రత్త పడుతుంది. బలం తాత ఇచ్చింది, పతకం దేశం అడిగింది, పోటీకి దిగటం ఎవరో మాయచేసి దింపింది. ఏదీ తనడిగింది కాదు కాబట్టి ఆమె ఎంత గెలిచినా ముద్దుగానే ఉంటుంది. తాత చేసే బలవంతమంతా మిఠాయిలు తినే ముసలాయన అల్లరిగా సాగిపోతుంది. గెలవాలని నోరు తెరిచి చెప్పే హొన్నామి సయాకాని మాత్రం డబ్బు పొగరున్న పిల్లగా గీశారు. కావాలని అన్నందుకు శిక్షన్నమాట!

ఈ కథలో నాకు నచ్చిన మనిషి ఇతో ఫుజికొ. బాలే నృత్యం నేర్చుకుని, మరీ పొడవైపోయానని మానుకున్న పిల్ల. ఆడపిల్లల జూనియర్ కాలేజీలో యవరాని పట్టుకుని జూడో క్లబ్బు పెట్టిస్తుంది. ఆమెకి తాత లేడు, వారసత్వం లేదు. ఇరవై ఏళ్ళకి దగ్గర పడుతున్నప్పుడు పడటం దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. మాంగాలో ఆమె పెళ్ళి చేసుకుని, బిడ్డని కని, మళ్ళీ చాప మీదకి వస్తుంది. కథ పేరు 'ఫుజికొ' అయ్యుంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. కానీ అప్పుడు టీవీవాళ్ళు మూడేళ్ళు వేసేవాళ్ళు కాదేమో.

కోరికున్న స్త్రీలు లేకపోతే అసలు ఆ ఒలింపిక్స్ వచ్చేవే కావు. అమెరికాలో రస్టీ కానొకోగి 1959లో మగవాడిలా తయారై ఒక వై.ఎం.సి.ఎ. పోటీలో గెలిచింది. ఆడమనిషని తెలిసి పతకం వెనక్కి తీసేసుకున్నారు. ఆమే 1980లో తన ఇల్లు తాకట్టు పెట్టి న్యూయార్క్‌లో స్త్రీల మొదటి ప్రపంచ జూడో పోటీలు జరిపించింది. జపాన్‌లో ఫుకుదా కెయికొ ఉంది. కానో దగ్గరే నేర్చుకున్న మనిషి. పెళ్ళంటే జూడో మానెయ్యటమేనని పెళ్ళే వద్దనుకుంది. 1953లో అయిదో డాన్ వచ్చాక 1972 దాకా అక్కడే ఆపేశారు. ఆడవాళ్ళకి ఆ పైన ఇచ్చే నిబంధన లేదు. ఆమెకి పదో డాన్ 2011లో, తొంభై ఎనిమిదో ఏట, అదీ అమెరికా సంస్థ ఇచ్చింది. జపాన్‌లో స్త్రీల నల్ల బెల్టు మధ్య తెల్ల గీత ఉండేది, చూడగానే వేరని తెలియటానికి. అది 2017లో గానీ పోలేదు.

బొమ్మని నిజం ఎలా మింగుతుందో కూడా ఇక్కడే చూడాలి. 1990లో ఫుకువోకా అంతర్జాతీయ పోటీలో పదిహేనేళ్ళ తమురా ర్యోకొ గెలిచింది. నూట నలభై ఆరు సెంటీమీటర్ల ఎత్తు, నలభై ఎనిమిది కిలోల విభాగం. పత్రికలు ఆమెకి "యవరా చాన్" అని ముద్దుపేరు పెట్టేశాయి. బార్సిలోనాలో రజతం, అట్లాంటాలో రజతం, 2000 సిడ్నీలో స్వర్ణం. కానీ ఆమె ముద్దుపేరు అమ్మాయిలా జూడో వద్దని ఎన్నడూ అనలేదు. స్వర్ణమే కావాలని బాహాటంగా చెప్పింది. పెళ్ళయ్యాక, పుట్టింటి పేరుతో స్వర్ణం తెచ్చాను, భర్త ఇంటిపేరుతోనూ తెస్తానంది. 2004 ఏథెన్స్‌లో తెచ్చింది కూడా. తల్లయ్యాక తల్లిగానూ స్వర్ణమే అంది. బీజింగ్‌లో కాంస్యం వచ్చింది. ఇంటిపేరు మారటాన్ని ఆమె ప్రశ్నించలేదు నిజమే. కానీ పేరు ఎవరిదైనా కోరిక నాదేనని చెప్పటంలో, మూడేళ్ళ సీరియల్ చెప్పలేకపోయిన మాట ఒకటుంది.

తాత అల్లరిలా సాగిన బలవంతానికి మరో ముఖం కూడా బయటపడింది. జపాన్ జాతీయ జట్టు స్థాయి క్రీడాకారిణులు పదిహేనుమంది, శిక్షకులు తమని కొడుతున్నారని ఆ దేశ ఒలింపిక్ కమిటీకి ఫిర్యాదు చేశారు. 2013 జనవరిలో సంగతి పత్రికల్లోకి వచ్చింది. ప్రధాన శిక్షకుడు రాజీనామా చేశాడు. చెంపదెబ్బలే కాదు, వెదురు కత్తితో కూడా కొట్టారన్నది ఆరోపణ. ఆ వార్త తెలిసి 'యవరా!'లో శిక్షణ దృశ్యాలు చూస్తే నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

వెదురు కత్తి అన్నాను కాబట్టి 'బాంబూ బ్లేడ్' గురించి కొంచెం. 2007 అక్టోబరు నుంచి ఇరవై ఆరు భాగాలు వచ్చింది. హైస్కూలు అమ్మాయిల కెండో జట్టు కథ. ఆ జట్టు పుట్టటానికి కారణం వాళ్ళ మాస్టారు పందెం కాయటం. గెలిస్తే ఆయనకి ఏడాదిపాటు ఉచితంగా సుషీ! ఆడపిల్లల కష్టం మీద మాస్టారి భోజనం. హాస్యంగానే చెప్పినా ఇంత సూటిగా ఎవరు చెప్పారు? జట్టులో అందరికన్నా గొప్పది తమాకి, పొట్టి పిల్ల, మాట్లాడదు. ఇంట్లోనే వాళ్ళ నాన్న కెండో శాల. తల్లి లేదు. ఆ పిల్లకి మొదట్లో కెండో అంటే ఇంటిపనిలో ఒక భాగం, గిన్నెలు కడగటం లాంటిది. అందుకని క్లబ్బులో చేరాలని కూడా అనిపించదు. నైపుణ్యం చాకిరీగా మారిపోవటాన్ని ఆ ఒక్క సంగతితో పట్టుకున్నారు. మనమూ చేత్తో అన్నం ఉడికిందో లేదో చెప్పగలం, దాన్నెవరూ విద్య అనరు.

కెండోలో ఇంకో సంగతుంది. ముఖానికి ఇనప జాలీ, ఛాతీకి కవచం, నడుంకి కుచ్చిళ్ళ లాగు. ఆ దుస్తుల్ని ఉన్నదున్నట్టు గీసినంతసేపూ కెమెరాకి తొంగిచూడటానికి చోటుండదు. కావాలని చేశారో లేదో గానీ, పోటీల్లో మనకి కనిపించేది పాదాలు, కత్తి మొన, జాలీ వెనక కళ్ళు. అన్నిటికన్నా నాకు నచ్చింది అరుపు. కెండోలో దెబ్బ సరైన చోట తగిలితే చాలదు. గొంతు, కత్తి, శరీరం ఒక్కసారిగా కలవాలి, దెబ్బ తర్వాత కూడా ఏమరుపాటు ఉండకూడదు. గొంతు లేని దెబ్బకి పాయింటు లేదు. గెలిచానని ఎగిరి గంతేస్తే వచ్చిన పాయింటు కూడా పోతుంది. ముగ్గురు న్యాయనిర్ణేతలు జెండాలు పట్టుకుని నిలబడి, ఈ ఆడపిల్ల సరిగ్గా అరిచిందా అని కూడా చూసే ఆట ఇది! ఇంట్లో గొంతు పెగలని తమాకి జాలీ వెనక నుంచి అరిచే అరుపుకి నా ఒళ్ళు జలదరించింది. మా హాస్టల్ చాప మీద మేం పడేటప్పుడు కూడా నోరు నొక్కుకునే పడేవాళ్ళం. పక్కనే మగపిల్లల మెస్సు ఉండేది.

మా మేనకోడలు ఇప్పుడు రెండోది కూడా పూర్తిచేసింది. మొన్న ఆదివారం బాల్కనీలో చీపురు కర్ర రెండు చేతుల్తో పట్టుకుని, కుడికాలు ముందుకేసి, వీధంతా వినబడేట్టు అరిచింది. కింది వాటా ఆయన కంగారుగా పైకొచ్చి "ఏమైందమ్మా?" అని అడిగాడు.

"ఏం లేదండీ, అరవకపోతే పాయింటు ఇవ్వరు" అంది.