స్వతంత్ర సిద్ధాంతం - శంషాబాద్ భూములు

ఆర్థిక సిద్ధాంతమే పునాదిగా పుట్టిన పార్టీని ఓట్లతో మాత్రమే తూచరాదు. ఆ సిద్ధాంతం ఎవరిని కాపాడింది, ఎవరిని విస్మరించింది అని విచారించాలి. స్వతంత్ర పార్టీ చరిత్ర ఇందుకు తగిన ఉదాహరణ.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార సేద్యాన్ని ఆమోదించింది. రైతు తన భూమిపై హక్కు కోల్పోతాడన్న ఆందోళనతో నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా కాంగ్రెసును వీడారు. ఆ సంవత్సరమే రాజాజీ ప్రేరణతో వెలసిన స్వతంత్ర పార్టీకి ఆయన తొలి అధ్యక్షులయ్యారు. లోక్‌సభలో 1962లో 18, 1967లో 44 స్థానాలు గెలిచిన ఈ పార్టీ 1971లో 8కి పడిపోయి, 1974లో భారతీయ లోక్‌దళ్‌లో లీనమైంది.

లైసెన్సు-పర్మిట్ పాలన అవినీతికి తావిస్తుందన్న దాని హెచ్చరిక సత్యమే. 1991 సంస్కరణలు ఆ మాటను ధ్రువపరిచాయి. అయితే లోపం మరొక చోట ఉంది. 1930లలో జమీందారులపై రైతులను నడిపించిన రంగా, ఇక్కడ మాజీ సంస్థానాధీశుల సరసన నిలిచారు. ఐదెకరాల రైతు, రాజావారు, మిల్లు యజమాని - ముగ్గురి ఆస్తీ ఒకటేనని, ముగ్గురికీ ప్రభుత్వమే విరోధి అని పార్టీ భావించింది.

ఈ లెక్క నిలవదని శంషాబాద్ నిరూపించింది. 2008 మార్చిలో ప్రారంభమైన విమానాశ్రయానికి సుమారు 5,500 ఎకరాలు కేటాయించారు. భూమిని సమకూర్చినది ప్రభుత్వం. అధిక వాటా ప్రైవేటు సంస్థది. రైతు హక్కు, వ్యాపార స్వేచ్ఛ ఇక్కడ ఎదురెదురుగా నిలిచాయి. అప్పటికే 1978 నాటి 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించింది. ఆ సవరణ తెచ్చిన జనతా ప్రభుత్వంలో లోక్‌దళ్ కూడా భాగమే! శంషాబాద్‌కు చేరువలోని రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1996 నుండి రాష్ట్ర విభజన వరకు రంగా పేరుతోనే నడిచింది. పేరు నిలిచినంత కాలం హక్కు నిలువలేదు.

ఇక పట్టా లేని కూలీ మాటేమిటి? 1894 నాటి భూసేకరణ చట్టంలో అతనికి చోటు లేదు. 2013 చట్టం మాత్రమే అతని కుటుంబాన్ని బాధిత కుటుంబంగా గుర్తించింది. గాంధీజీ ధర్మకర్తృత్వాన్ని స్వతంత్ర పార్టీ అంగీకరించినా, దానిని యజమాని మనస్సాక్షికి వదిలివేసింది. ముస్లిం పాఠకులకు అమానత్ భావన పరిచితమే. అందులో యాజమాన్యానికి గౌరవం ఉంది. కాని లెక్క చెప్పవలసిన బాధ్యత, పేదవానికి నిర్ణీతమైన హక్కు కూడా ఉన్నాయి. జకాత్ దాత దయ కాదు, విధి. ఈ రెండవ భాగాన్ని విడిచిన ఆస్తి సిద్ధాంతం బలవంతునికే కవచమవుతుంది. స్వతంత్ర పార్టీ చరిత్ర నేర్పే పాఠమిదే.